పుట్టుక గొప్పా, పని గొప్పా? గిడుగు రామమూర్తి పంతులు జీవితం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఒక సంగతి కనబడుతుంది. కులానికొక సంఘం, సంఘానికొక క్యాలెండరు, క్యాలెండరు మీద ఆ కులంలో పుట్టిన పెద్దమనిషి బొమ్మ. ఎన్నికలొస్తే ఆ బొమ్మకి దండ, దండ వేసినవాడికి ఓటు. మనవాడు మంత్రి అయ్యాడు, మనవాడు కలెక్టరయ్యాడు అని పొంగిపోయేవాళ్ళలో రెండు పూటలా కడుపు నిండని కూలీలు కూడా ఉన్నారు. ఇంకోపక్క వేరే పాట వినబడుతుంది. కులమూ లేదు, వర్గమూ లేదు, ఎవడి తెలివి వాడిది, పైకొచ్చినవాడు సొంత ప్రతిభతో వచ్చాడు, రానివాడు సోమరి అని.

మొదటి మాట ఉడుపుల రోజుల్లో బుగతకి బాగా పనికొస్తుంది. ఒకే మడిలో దిగిన కూలీలు మీవాళ్ళు, మావాళ్ళు అని చీలిపోతే కూలి రేటు పెంచమని అడిగే గొంతు సగమైపోతుంది. రెండో మాట ఏడాది పొడుగునా పనికొస్తుంది. కూలి చాలకపోవడం, అప్పు తీరకపోవడం, పిల్లడి చదువు ఆగిపోవడం, అన్నీ కూలీవాడి చేతకానితనమే అయిపోతాయి. భూమి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే రాదు.

అలాగని మనిషికి గర్వం అక్కర్లేదా? కావాలి. తలొంచుకుని బతికినవాడు సంఘంలోకి రాడు, వచ్చినా నోరు విప్పడు. గర్వపడాలా, వద్దా అన్నది కాదు ప్రశ్న. దేన్ని చూసి గర్వపడాలన్నదే ప్రశ్న. పుట్టిన గుంపును చూసుకునా, సొంతంగా సాధించినదాన్ని చూసుకునా? ఈ సంగతిని ఒట్టి మాటలతో తేల్చలేం. అందుకని మన గడ్డ మీద పుట్టిన ఒక మనిషి జీవితాన్ని ముందు పెట్టుకుని ఆలోచిద్దాం. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరిట ఆయన బొమ్మకి దండలు పడుతున్నాయి. ఆ దండల కింద ఏం కప్పడిపోయిందో చూడాలి.

వంశధార ఒడ్డున పుట్టి

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఊరు వంశధార ఒడ్డున ఉంది. అప్పుడది గంజాం జిల్లా. బ్రాహ్మణ కుటుంబం. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. జమీందారుకి శిస్తు వసూలయ్యే యంత్రంలో ఒక చిన్న చక్రం అన్నమాట. 1875లో ఆయన చనిపోయారు. పన్నెండేళ్ళ పిల్లవాడు బంధువుల ఆదరణ మీద ఆధారపడి విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదివారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయనకి తోటి విద్యార్థి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టరుగా చేరారు.

ఇక్కడినుంచి చూస్తే ఇది సొంత కష్టంతో పైకొచ్చిన మనిషి కథలాగే ఉంటుంది. తండ్రి లేడు, ఇంట్లో డబ్బు లేదు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తర్వాత 1896లో బి.ఏ. ప్యాసయ్యారు. శ్రీముఖలింగం గుడిగోడల మీది పాత శాసనాలు చదవడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు. సంస్థానం బడి కాలేజీ అయింది, ఈయన కాలేజీ తరగతులకి పాఠం చెప్పే స్థాయికి వచ్చారు. ఇదంతా నిజమే. ఆ పట్టుదలని మేము తక్కువ చెయ్యం.

కాని అదే ఏళ్ళలో అదే వంశధార ఒడ్డున కంబారి ఇంట పుట్టిన పిల్లవాడి సంగతేమిటి? వాడికి తెలివి లేదా? వాడికి మహారాజా వారి బడి గుమ్మం కనబడలేదు. తండ్రి చేసిన అప్పుకి, నాగుకి తెచ్చిన గింజలకి పశువుల వెంట పోయాడు. రామమూర్తి గారి తండ్రి పోతే పట్నంలో చదువుకున్న బంధువుల ఇల్లుంది. కంబారి చనిపోతే కొడుక్కి బుగత పశువులశాల ఉంది. సొంతంగా సాధించాను అనేవాడి వెనక ఇలాంటి మెట్లు ఎన్నుంటాయో లెక్క చూడాలి. ఈ లెక్క చూస్తే మనిషి కష్టం విలువ తగ్గదు. ఆ కష్టానికి చోటు దొరకనివాళ్ళు ఎందరో తెలుస్తుంది.

రామమూర్తి గారు అక్కడే ఆగిపోయి ఉంటే పర్లాకిమిడిలో ఒక మంచి మేష్టరు అనిపించుకుని పోయేవారు. ఈవేళ మనం ఆయన గురించి రాయనక్కర్లేదు.

కొండదారి పట్టిన మేష్టరు

పర్లాకిమిడి నుంచి గుణుపురం వైపు, ఇటు సీతంపేట, భద్రగిరి వైపు ఉన్న కొండల్లో సవరలు బతుకుతున్నారు. కొండపోడు చేసి చోళ్ళు, సామలు, కందులు పండిస్తారు. చింతపండు, అడ్డాకులు సంతకి మోసుకొస్తారు. వాళ్ళ భాష తెలుగుకి గానీ ఒరియాకి గానీ చుట్టం కాదు. సంతాలీ, ముండారీ భాషల కుటుంబానికి చెందింది. ఆనాడు ఆ భాషకి అక్షరం లేదు. సంతలో షావుకారు తూచినదే తూకం, చెప్పినదే లెక్క. జమీందారు తరఫున కొండల్లో పెత్తనం చేసే బిస్సోయిలు అడిగినదే మామూలు. కోర్టులో, కచేరీలో సవర నోటిమాటని ఎవడో దుబాసీ తనకి తోచినట్టు మార్చి చెప్పేవాడు. భాష తెలియకపోవడం ఇక్కడ సాహిత్య చర్చ కాదు. దీనివల్ల భూములు పోయాయి, పంటలు పోయాయి.

కిందివాళ్ళు సవరలని మనుషుల్లో జమకట్టని రోజులవి. అటువంటప్పుడు రామమూర్తి గారు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. అంటరానితనం, మడి, ఆచారం పట్టుకుని వేలాడే సమాజంలో ఒక బ్రాహ్మణ మేష్టరు ఇంట కొండమనిషి గురువుగా కూర్చోవడం చిన్న విషయం కాదు. పుట్టుక ఇచ్చిన గొప్పతనాన్ని ఆయన ఇంటి గుమ్మం దగ్గరే వదులుకోవలసి వచ్చింది.

నేర్చుకుని ఊరుకోలేదు. సవర భాషలో పిల్లలకి వాచకాలు, పాటలు, కథలు పోగుచేసి పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు, మేష్టర్ల జీతాలు తనే ఇచ్చారు. సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పించారు. మొదట తెలుగు లిపిలో రాసినా, తెలుగు అక్షరాలకి అందని శబ్దాలు ఆ భాషలో ఉన్నాయని గుర్తించి, తర్వాతి పుస్తకాల్లో అంతర్జాతీయ శబ్దలిపి వాడారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మొదలుపెట్టిన రోజునుంచి లెక్కవేస్తే నలభై ఏళ్ళు దాటిన శ్రమ అది.

ఆ కొండలు మలేరియా కొండలు. జ్వరాలకి క్వినైన్ మింగి మింగి ఆయనకి చెవుడు వచ్చింది. మనుషులు మాట్లాడే మాటని చెవితో పట్టుకుని కాగితం మీద పెట్టడమే పనిగా పెట్టుకున్నవాడికి ఆ చెవే పోయింది. అయినా పని మానలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ ఘనత ఎవరిది? రామమూర్తి గారిది, సందేహం లేదు. కాని ఆయనకి మాట నేర్పింది ఎవరు? ఇంట్లో కూర్చుని ఓపికగా ఒక్కొక్క మాటా పలికి చూపించిన సవర మనిషి. పాటలు పాడిన ఆడవాళ్ళు, కథలు చెప్పిన ముసలివాళ్ళు. ఆ భాషని వేల ఏళ్ళుగా నోటితో నిలబెట్టుకొచ్చిన జాతి. పుస్తకం అట్ట మీద పేరు ఒకటే పడుతుంది. కోటకి రాజు పేరు, కాలవకి ఇంజనీరు పేరు, పంటకి పట్టాదారు పేరు పడినట్టే. పేరు పడ్డవాడు తప్పు చేశాడని మేము అనడం లేదు. పేరు పడనివాళ్ళ పాలు మరిచిపోతే సొంత ఘనత అనేది సగం అబద్ధం అవుతుందని మాత్రం అంటున్నాం.

బిరుదులు, పతకాలు

ఈ కృషికి బ్రిటిష్ ప్రభుత్వం 1913లో రావు సాహెబు బిరుదు ఇచ్చింది. 1930లలో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. తెల్లదొరల బిరుదులు ఆయన పుచ్చుకున్నారు. ఆ విషయం దాచక్కర్లేదు. ఆయన రైతు ఉద్యమంలో తిరిగిన మనిషి కారు, జమీందారు బడిలో జీతం తీసుకున్న మేష్టరు. కొండల మీద పెత్తనం చేసే జమీందారీ మీద ఆయన జెండా ఎత్తలేదు. అక్షరం వస్తే సవరల కష్టం తీరుతుందని నమ్మారు. అక్షరం ఒక్కటే చాలదని, భూమి మీద హక్కు కూడా కావాలని ఆ తర్వాతి చరిత్ర చెప్పింది.

అయినా ఒక సంగతి చూడాలి. సవర పుస్తకాలకి ప్రతిఫలంగా ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే అది తనకొద్దని, సవరలకి బడులు పెట్టమని అడిగారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. బిరుదు మనిషికి వస్తుంది. బడి ఊరికి వస్తుంది. ఈ రెంటిలో ఆయన కోరుకున్నది బడి.

వాడుక మాట కోసం పోరు

1906 ప్రాంతంలో ఆయన రెండో పోరాటం మొదలైంది. బళ్ళను తనిఖీ చేయడానికి వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు అధికారికి ఒక అనుమానం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు ఇంకొకటి ఎందుకుందని. ఆ ప్రశ్న పట్టుకుని రామమూర్తి గారు, గురజాడ, విశాఖపట్నం కాలేజీలో ఉన్న శ్రీనివాస అయ్యంగారు రంగంలోకి దిగారు. 1911లో రామమూర్తి గారు ఉద్యోగం మానేసి పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యారు.

ఎదురుగా నిలబడ్డవాళ్ళు సామాన్యులు కారు. జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్ద పండితులు, వాళ్ళ ఆంధ్ర సాహిత్య పరిషత్తు, వాళ్ళకి అండగా సంస్థానాధీశులు. వాళ్ళ గర్వమంతా ఒకటే. తాము నేర్చిన గ్రాంథికం అందరికీ రాదు. అందరికీ వస్తే ఇంక పండితుడి గొప్పేముంది? ఊరి చెరువుకి కంచె వేసి కావలి కాసినట్టు భాషకి కంచె వేశారు. రామమూర్తి గారు ఆ పండితుల మీద వాళ్ళ ఆయుధమే తిప్పారు. పాత గ్రంథాలు తవ్వి, పూర్వ కవులు కూడా తమ కాలపు వాడుక మాటలు వాడారని చూపించారు. వ్యాకరణ నియమాలు వల్లించేవాళ్ళే ఆ నియమాల ప్రకారం తప్పుల్లేకుండా రాయలేరని ఉదాహరణలతో సహా రుజువుచేశారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఆయన కన్నుమూసిన చాలా ఏళ్ళకి గాని విశ్వవిద్యాలయాలు వాడుక భాషకి పూర్తిగా తలుపులు తియ్యలేదు.

ఇది రైతు కూలీలకి ఎందుకు అనుకోకూడదు. కరపత్రం, కూలి ఒప్పందం, పట్టా కాగితం మన మాటలో ఉండాలంటే ఆ కంచె తెగాలి. ఈ పత్రికలో ఈ శీర్షిక మీరు చదువుతున్నారంటే, చదువు రానివాళ్ళకి ఒకరు చదివి వినిపిస్తే అర్థమవుతోందంటే, ఆ పోరాటంలో గెలిచిన పాలు మనకీ అందిందన్నమాట.

1936లో గీసిన గీత

గుంపు గర్వం రామమూర్తి గారికి లేదా? ఉంది. తెలుగు అభిమానం ఆయనకి గట్టిగానే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నం, ఎస్టేటులో ఒక భాగం అందులో కలిశాయి. మిగతా భాగం మద్రాసు రాష్ట్రంలో, విశాఖ జిల్లాలో ఉండిపోయింది. తెలుగువాళ్ళున్న పర్లాకిమిడిని కలపొద్దని రామమూర్తి గారు పోరాడి ఓడిపోయారు. యాభై ఏళ్ళకి పైగా బతికిన ఊరిని, డెబ్బై రెండేళ్ళ వయస్సులో వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు.

ఆ మనిషి బాధ మనకి అర్థమవుతుంది. కాని ఆ రోజు గీసిన గీత సవర ఊళ్ళ మధ్యనుంచి కూడా పోయింది. అక్క ఊరు ఒక రాష్ట్రం, చెల్లి ఊరు ఇంకో రాష్ట్రం అయిపోయాయి. ఒరియావాళ్ళ గర్వం ఒకపక్క, తెలుగువాళ్ళ గర్వం ఇంకోపక్క లాగుతుంటే, రెండు భాషలూ తమవి కాని సవరలని ఎవరూ అడగలేదు. గుంపు గర్వానికి ఉన్న చిక్కు ఇదే. అది తన గీత లోపలున్నవాళ్ళనే లెక్కపెడుతుంది.

అదే 1936లో ఇంకో సంఘటన జరిగింది. సవరల్లోనే పుట్టిన మంగెయి గొమాంగో తమ భాషకి సొంత లిపి తయారుచేశాడు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. ఇదీ గుంపు గర్వమే. కాని జమీందారు తన వంశం చూసుకుని పడే గర్వమూ, మాకూ ఒక అక్షరం ఉందని సవర పడే గర్వమూ ఒకటి కావు. ఒకటి ఎదుటివాడి భుజమెక్కి కూర్చునేది. ఇంకోటి భుజం మీది బరువు దించుకుని నిటారుగా నిలబడేది. దళితుడు, గిరిజనుడు, ఆడమనిషి తమ జాతి పేరు చెప్పి తలెత్తితే అది కులతత్వం అని కొట్టిపారేసేవాళ్ళు ఈ తేడా చూడడం లేదు. అయితే నిటారుగా నిలబడ్డవాడు కూడా, తర్వాత పక్కవాడి భుజమెక్కడానికి చూస్తే, మొదటివాడికీ వాడికీ తేడా ఉండదు.

ఆ తర్వాత

1940 జనవరి 22న రామమూర్తి గారు కన్నుమూశారు. అదే ఏడాది మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో మందస జమీందారీ అడవిలో కట్టెల మీద హక్కు కోసం నిలబడ్డ గుడారి రాజమణిపురం రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ, ఇంకా కొందరు రైతులు ప్రాణాలు విడిచారు. గున్నమ్మకి బిరుదు లేదు, పుస్తకం లేదు, పతకం లేదు. కాని మన ప్రాంతంలో ఆమె పేరు చెప్పుకుని గర్వపడని రైతు కార్యకర్త ఉండడు. ఆమె ఏ కులమని అడిగి గర్వపడుతున్నామా? లేదు. పదిమంది కోసం నిలబడ్డది కనక గర్వపడుతున్నాం.

తర్వాతి కాలంలో అవే సవర, జాతాపు కొండల్లోకి ఇంకో బడిపంతులు వెళ్ళాడు. ఆయన వెంపటాపు సత్యనారాయణ. ఆయనా, ఆదిభట్ల కైలాసమూ గిరిజనులని సంఘంగా కూడగట్టారు. షావుకార్ల లెక్కలు అడిగారు, పాలేర్ల కూలి పెంచమన్నారు, పోయిన భూములు తిరిగి ఇమ్మన్నారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. 1970 జూలైలో సత్యం, కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. వాళ్ళు పట్టిన సాయుధ పంథా మీద వామపక్షాల్లో తీవ్రమైన భేదాభిప్రాయాలున్నాయి. అది వేరే చర్చ. కాని ఆ కదలిక లేకపోతే షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు నిషేధించే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అని పిలిచేది, అంత గట్టిగా వచ్చేది కాదు.

ఒక పంతులు అక్షరం పట్టుకుని కొండెక్కాడు, ఇంకో పంతులు భూమి ప్రశ్న పట్టుకుని కొండెక్కాడు. దారులు వేరు, కాలాలు వేరు. ఇద్దరూ తాము పుట్టని గుంపు కోసం పనిచేశారు.

ఇప్పుడు మన లెక్క

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. రామమూర్తి గారిని మావాడని చెప్పుకోవడానికి ఎందరో ఉన్నారు. ఆయన కులంవాళ్ళు, ఆయన జిల్లావాళ్ళు, తెలుగువాళ్ళందరూ. ఆయన కులంలో పుట్టినవాళ్ళు ఆనాడు ఎందరో ఉన్నారు, కొండెక్కింది ఎందరు? ఆయనలాగా బి.ఏ. ప్యాసయినవాళ్ళూ ఉన్నారు, ఆ చదువుని కిందికి దించింది ఎందరు? కాబట్టి ఆయన గొప్పతనం కులంలోంచి రాలేదు, ఒట్టి ప్రతిభలోంచీ రాలేదు. తన దగ్గరున్న దాన్ని లేనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడంలోంచి, వాళ్ళ దగ్గర తానూ నేర్చుకోవడంలోంచి వచ్చింది.

మా అభిప్రాయం ఇది. కులం చూసుకుని పడే గర్వానికి మనం చేసిన పనేమీ ఉండదు. సొంత ఘనత చూసుకుని పడే గర్వానికి పని ఉంటుంది గాని పక్కవాడు ఉండడు. పక్కవాడితో కలిసి చేసిన పని చూసుకుని పడే గర్వం కూలీవాడికి అన్నం పెడుతుంది. చెరువు గట్టు కలిసి వేసుకున్న ఊరు, కూలి రేటు కలిసి సాధించుకున్న ముఠా, బంజరు కలిసి దున్నుకున్న సంఘం ఆ గర్వానికి హక్కుదార్లు. కాళింగుడైనా, వెలమైనా, కాపైనా, మాలైనా, రెల్లైనా, సవరైనా ఆ గట్టు మీద అడుగుపెడితే అతని చెమట ఎంతో అంతే అతని గర్వం.

కార్యకర్తలు ఈ మాట సంఘం సమావేశాల్లో చర్చకి పెట్టాలి. కుల సంఘం పిలిచినప్పుడు కూలీ ఎందుకు పరిగెడుతున్నాడో తెలుసుకోవాలి. అక్కడ అతనికి ఒక కుర్చీ వేస్తున్నారు, పేరు పెట్టి పిలుస్తున్నారు. మన సంఘంలో ఆ మర్యాద దొరుకుతోందా? లేకపోతే ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా లాభం లేదు.

ఇంకో పని కూడా ఉంది. సవర పిల్లలకి సవరలో చదువు అన్నది రామమూర్తి గారు పోయాక అరవై ఏళ్ళు దాటి, 2004 ప్రాంతంలో గాని ప్రభుత్వం బడుల్లో మొదలుకాలేదు. వచ్చే ఆగస్టు 29న విగ్రహానికి దండ వేసే అధికారుల్ని, నాయకుల్ని మన సంఘాలు అడగాలి. సీతంపేటలో, భద్రగిరిలో, మందస కొండల్లో సవర బడులెన్ని ఉన్నాయి, సవర మేష్టర్లెందరున్నారు, వాచకాలు ఎన్ని అందాయి అని. జవాబు రాసి ఇమ్మనాలి. అది సవరలకీ, మనకీ అర్థమయ్యే మాటలో ఉండాలి.